కమిటీ పెట్టి మూడేళ్లయింది, చేప పెరిగిందో లేదో ఎలా చెప్పాలి?

రేవుగట్టు
మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మూడేళ్ల క్రితం ఊరి పెద్దలు, మత్స్యశాఖవారు, ఒక స్వచ్ఛంద సంస్థవారు కూర్చుని సహ నిర్వహణ కమిటీ అని ఒకటి పెట్టారు. కట్టుబాట్లు మూడే. ఒడ్డు దగ్గర దోమతెర లాంటి సన్నకన్ను వలలు వేయకూడదు. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర పిల్ల చేప, పిల్ల రొయ్య తిరిగే రెండు నెలలు ఎవరూ వల దించకూడదు. మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వస్తే గొడవకు దిగకుండా కమిటీ ద్వారా ఫిర్యాదు చేయాలి. డిగ్రీ చదివానని కమిటీ లెక్కల పుస్తకం రాసే పని నాకు అప్పగించారు.

ఇప్పుడు మూడేళ్ల ప్రగతి నివేదిక పంపమన్నారు. ఫారంలో 11 గడులు. ఎన్ని సమావేశాలు, ఎంతమంది వచ్చారు, అందులో ఆడవారు ఎందరు, శిక్షణలు ఎన్ని, బోర్డులు ఎన్ని పాతారు, ఫోటోలు జతపరచండి. అన్నీ నింపేశాను. మొన్న సాయంత్రం వల బాగు చేసుకుంటున్న పెద్దాయన ఒకరు పిలిచి అడిగారు: "అది సరే బాబూ, చేప పెరిగిందా తగ్గిందా? నీ పుస్తకం ఏమంటోంది?"

పుస్తకం ఏమీ అనడం లేదు. 36 సమావేశాలు జరిగాయని మాత్రం అంటోంది. ఏం లెక్కపెడితే ఆయనకు జవాబు చెప్పగలను?

పీతబుట్ట
ఫోటోల గడి ఉందన్నారుగా. ఒక పెద్ద వంజరాన్ని పట్టుకుని నిలబడి ఫోటో దిగండి. పై వాళ్లకు అంతకంటే ఏమీ అక్కరలేదు.

లెక్కల_మాస్టారు
పెద్దాయన ప్రశ్నే అసలు ప్రశ్న. కానీ "ఎంత చేప పడింది" అని మాత్రమే రాస్తే మోసపోతారు. ఒక పడవ నాలుగు గంటలు తిరిగి 40 కిలోలు తెచ్చింది. మరో ఏడాది అదే పడవ పన్నెండు గంటలు తిరిగి 60 కిలోలు తెచ్చింది. పుస్తకంలో చేప పెరిగినట్టు కనిపిస్తుంది. గంటకు లెక్కేస్తే పది కిలోల నుంచి ఐదుకు పడిపోయింది. కాబట్టి వేటకు వెళ్లిన వేళ, తిరిగొచ్చిన వేళ, ఏ వల, ఎన్ని మూరలు, ఎందరు మనుషులు, ఎంత డీజిల్ కాలింది, ఇవన్నీ చేప బరువు పక్కనే ఉండాలి.

రెండోది సైజు. బరువు పెరిగినా అంతా పిల్ల చేపే అయితే అది రాబోయే ఏడాది కూడు ఈ ఏడాదే తినేయడం. కేరళలో 2015 నుంచి కొన్ని రకాలకు కనీస పొడవు నిర్ణయించారు. నూనె కవళ్లు (ఆయిల్ సార్డీన్) 10 సెంటీమీటర్లు, కానాగంతలు (మాకెరల్) 14 సెంటీమీటర్ల లోపు ఉంటే పట్టకూడదు. మీరూ ఒక టేపు కొనుక్కోండి, వారానికి రెండు రోజులు వంద చేపలు కొలవండి.

ఉప్పుగాలి
మాస్టారికి లెక్కలు తెలుసు, రేవు తెలియదు. పడవ దిగినవాడు నిజం చెబుతాడా? మా నాన్న నలభై ఏళ్లు వేట చేశారు. ఎవరు అడిగినా సగమే చెప్పేవారు. షావుకారు అడిగితే అప్పు జమకు పట్టుకుంటాడని సగం. పక్క పడవవాడు అడిగితే చోటు తెలిసిపోతుందని సగం. ప్రభుత్వం మనిషి అడిగితే పథకం పోతుందేమోనని పావు. ఇంట్లో మా అమ్మ అడిగితే మాత్రం కొంచెం ఎక్కువ చెప్పేవారు.

పీతబుట్ట
ఆ ఎక్కువే కదా మీ అమ్మగారు ఖర్చు పెట్టేసి ఉంటారు.

చేపల_గంప
మీరంతా మగవాళ్ల దగ్గరే ఆగిపోయారు. పడవ దిగాక చేప ఎవరి చేతికి వస్తుంది? నేను పన్నెండేళ్ల వయసు నుంచి మా అమ్మతో వేలం పాటకు వెళ్లాను. పడవవాడు ఎంత దాచినా గంప దాచదు. టేపు అక్కరలేదు మాస్టారూ. చేపలమ్మే ఏ ఆడమనిషినైనా అడగండి, "కానాగంత కిలోకు ఎన్ని తూగుతోంది?" అని. పది తూగితే మంచి చేప. ఇరవై దాటితే పిల్ల. ఆ సంఖ్య మాకు రోజూ కావాలి, ఎందుకంటే పది తూగేదానికి ఒక ధర, ఇరవై తూగేదానికి సగం ధర. అబద్ధం చెబితే మా బేరమే పోతుంది.

ఎండబెట్టేవాళ్లనూ అడగండి. గంప నెత్తళ్లు ఎండితే ఎంత మిగిలింది, అందులో ఎన్ని రకాల పిల్లలు కలిసి ఉన్నాయి అనేది వాళ్లకు ఇసుక మీదే కనిపిస్తుంది. సన్నకన్ను వల ఎవరు వేశారో కమిటీకి తెలిసేలోపు వాళ్లకు తెలుస్తుంది. మీ కమిటీలో "ఆడవారు ఎందరు" అన్న గడి నిండింది సరే, వాళ్లను ఎప్పుడైనా ఈ మాట అడిగారా?

రేవుగట్టు
అడగలేదు. ఐదుగురు ఉన్నారు. వచ్చి సంతకం పెట్టి వెళ్తారు. సమావేశం పొద్దున్న పది గంటలకు పెడతాము, అప్పటికి వాళ్లు బజారులో ఉండాలి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

లెక్కల_మాస్టారు
గంప గారి కొలతకు దణ్ణం పెడుతున్నాను. నా టేపు కంటే అదే నయం. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. మీరు వల కన్ను పెద్దది చేశారు కాబట్టి పెద్ద చేపే పడుతుంది. కిలోకు ఇరవై నుంచి పన్నెండుకు వచ్చిందంటే సముద్రం బాగుపడిందని కాదు, జల్లెడ మారిందని. కట్టుబాటు పాటిస్తున్నారని చెప్పడానికి ఆ సంఖ్య చాలు. చేప పెరిగిందని చెప్పడానికి చాలదు. దానికి అదే వలతో గంటకు ఎంత పడుతోందో ఏళ్ల తరబడి చూడాలి.

కొల్లంలో_తెలుగువాడు
"కిలోకు ఎన్ని" అన్న మాట చూసి ఇటు వచ్చాను. నేను ఉండే కొల్లంలో అష్టముడి అనే ఉప్పునీటి సరస్సు ఉంది. అక్కడ గుల్లలు ఏరుకుని బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు. 1990ల మొదట్లో పదివేల టన్నుల దాకా వెళ్లిన దిగుబడి ఒక్కసారిగా సగానికి పడిపోయింది. అప్పుడు గుల్లలు ఏరేవాళ్లు, పరిశోధకులు, అధికారులు కలిసి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏరకూడదు, అది గుడ్లు పెట్టే కాలం. వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. యంత్రాలతో తవ్వకూడదు. ఎగుమతికి వెళ్లే గుల్ల మాంసం కిలోకు 1400కు మించి తూగకూడదు. అచ్చంగా గంప గారి లెక్కే.

2014లో దానికి మెరైన్ స్టీవర్డ్‌షిప్ కౌన్సిల్ (చేప తరిగిపోకుండా వేట సాగుతోందని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి లెక్కలు ఉండబట్టే అది సాధ్యమైంది. కట్టుబాట్లు ముందు, గుర్తింపు ఇరవై ఏళ్ల తర్వాత. మూడేళ్లకే ఫలితం చూపించమనేవాళ్లకు ఈ తేదీలు చూపించండి.

పీతబుట్ట
ఇరవై ఏళ్లంటే మన రేవుగట్టు గారికి పెళ్లయి పిల్లలు పుట్టి, వాళ్లు కూడా ఆ ఫారం నింపుతూ ఉంటారు.

సువా_కబుర్లు
ఇరవై ఏళ్లు ఆగనక్కరలేదు. నేను ఫిజీలో ఆరేళ్లు పనిచేశాను. (1903 తర్వాత మద్రాసు నుంచి ఓడలెక్కిన మనవాళ్ల మనవలు ఇంకా ఉన్నారక్కడ. తెలుగు చాలావరకు పోయింది, చేపల పులుసు పోలేదు.) అక్కడ వేరాటా ప్రాంతంలో ఉకునివనువా అని ఒక ఊరు. వాళ్లు తినేదీ అమ్మేదీ కైకోసో అనే గుల్ల. అది తగ్గిపోతోందని 1997లో 24 హెక్టార్ల మేర బురదనేలను మూడేళ్లు ఎవరూ ముట్టకూడదని ఊరంతా కట్టుబాటు చేసుకున్నారు. దాన్ని టంబు అంటారు, తాతల నాటి ఆచారమే.

కొత్త సంగతి ఏమిటంటే, లెక్కపెట్టింది బయటివాళ్లు కాదు. విశ్వవిద్యాలయం వాళ్లు నేర్పించి పక్కకు తప్పుకున్నారు. ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు తాడు పరచి, దాని వెంట ఎన్ని గుల్లలున్నాయో చేత్తో ఎంచారు. మూసిన చోట ఎంచారు, పక్కనే ఏరుకునే చోట కూడా ఎంచారు. 2004 నాటికి మూసిన చోట 13 రెట్లు, పక్క చోట 5 రెట్లు పెరిగాయి. పక్కది ఎంచకపోయి ఉంటే "ఆ ఏడు గుల్ల బాగా పట్టింది, అంతే" అని ఎవరైనా కొట్టిపారేసి ఉండేవారు. ఎంచినవాళ్లే ఏరుకునేవాళ్లు కాబట్టి ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని పడలేదు. చూసి పక్క ఊళ్లవాళ్లూ మొదలుపెట్టారు.

ఉప్పుగాలి
గుల్లలకు కాళ్లు లేవు. కొల్లంలోనైనా ఫిజీలోనైనా పెట్టిన చోటే ఉంటాయి. మా కవళ్లు పొద్దున్న ఇక్కడ, సాయంత్రం ఒడిశాలో. మేము పిల్లను వదిలిపెడతాము, పైకి వెళ్లాక మరబోటు ఊడ్చుకుపోతుంది. ఒక ఊరి కట్టుబాటు సముద్రంలో కాకిరెట్ట.

లెక్కల_మాస్టారు
ఉప్పుగాలి గారు ఈసారి సరిగ్గా పట్టుకున్నారు. కవళ్లను చూసి ఏ ఊరి కమిటీనీ మెచ్చుకోకూడదు, తిట్టకూడదు. కేరళలో నూనె కవళ్లు 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడ్డాయి. 2021లో 3,297 టన్నులు. లక్షలు కాదు, ఉత్త 3,297. అంత పెద్ద ఎగుడుదిగుడులో నీళ్ల వేడి, వానలు, మేత అన్నీ కలిసి ఉంటాయి. మధ్యలో ఒక ఊరి పుస్తకం ఎక్కడ కనిపిస్తుంది?

అందుకే రేవుగట్టు గారూ, మీ కట్టుబాటు దేన్ని తాకుతుందో దాన్నే కొలవండి. మీరు మూసింది మొగ. మొగలో పెరిగేవి పీత, కొయ్యింగ, పిల్ల రొయ్య, పండుగప్ప. వాటిని ఎంచండి. మొగను మూయని పక్క ఊరిలోనూ అవే ఎంచండి. కవళ్ల సంగతి దేశం చూసుకుంటుంది.

పాత_గుమాస్తా
పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది కాబట్టి ఇక రాయవచ్చు. ఇలాంటి ఫారాలు వందల కొద్దీ నా చేతుల మీదుగా వెళ్లాయి. సమావేశాల గడి ఎందుకు ఉంటుందో తెలుసా? అది నింపడానికి ఒడ్డుకు వెళ్లనక్కరలేదు. ఒక జిల్లాలో (ఏ జిల్లానో అడగవద్దు) ఒకే ఫోటో మూడు ఊళ్ల నివేదికల్లో వచ్చింది. కుర్చీలు అవే, బ్యానరు అదే, వెనకాల పడుకున్న కుక్క కూడా అదే. కుక్క వల్లే దొరికిపోయారు.

ఇంకొక మాట. మీ కమిటీ అసలు పని ఏమిటో పుస్తకం తిరగేసి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో వేట కుటుంబానికి ఇచ్చే భృతి 2019లో 4 వేల రూపాయల నుంచి 10 వేలైంది, 2025లో 20 వేలైంది. మంచిదే, ఇంకా ముందే ఇవ్వవలసింది. కానీ డబ్బు పెరిగినకొద్దీ జాబితాలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అన్నదే ఊళ్లో రాజకీయమైపోతుంది. నేను చూసిన చాలా కమిటీలు చివరికి జాబితా కమిటీలయ్యాయి. 36 సమావేశాల్లో ఎన్ని చేప గురించి, ఎన్ని జాబితా గురించి?

రేవుగట్టు
ఇప్పుడే కూర్చుని లెక్కపెట్టాను. జాబితా, బోటు రిజిస్ట్రేషన్, డీజిల్ రాయితీ కలిపి 23. గుడి పండుగ 4. చేప, వల, మొగ గురించి 9.

పీతబుట్ట
గుడికి నాలుగు తక్కువే.

రేవుగట్టు
ఇంకొక చిక్కు. జరిమానాల పుస్తకం వేరే ఉంది. మొదటి ఏడాది 4 జరిమానాలు. రెండో ఏడాది 9. మూడో ఏడాది 17. పరిశీలనకు వచ్చిన ఒకాయన చూసి "తప్పులు ఏటేటా పెరుగుతున్నాయి, మీ కమిటీ విఫలమైంది" అన్నారు. మా పెద్దలు "అప్పట్లో చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లం, ఇప్పుడు పట్టుకుంటున్నాం" అంటున్నారు. ఎవరిది నిజం?

ఉప్పుగాలి
ఆ 17 మంది ఎవరో చెప్పండి, ఎవరిది నిజమో నేను చెబుతాను. పెద్దల చుట్టాలు ఎందరున్నారు అందులో?

నెల్లూరు_కెరటం
ఉప్పుగాలి గారి మాట కటువుగా ఉన్నా సరైన కొలత అదే. మా వైపు రేవు ఊళ్లలో కాపుల (ఊరి పెద్దల) మాట, దురాయి (ఊరి తరఫున పెట్టే ఆన) కట్టుబాటు ప్రభుత్వం కంటే పాతవి. దురాయి వేశారంటే పోలీసు అక్కరలేదు, ఎవరూ పడవ తీయరు. దానికి విలువ ఎక్కడి నుంచి వచ్చిందంటే, కాపు కొడుకు తప్పు చేస్తే వాడికీ అదే జరిమానా కట్టించిన సందర్భాలు ఊరందరికీ గుర్తున్నాయి. అలా కట్టించని ఊళ్లలో దురాయి పేరుకే మిగిలింది. అది బలవంతులు బలహీనుల నోరు నొక్కే సాధనమైన చోట్లు కూడా ఉన్నాయి, దాచడం ఎందుకు.

కాబట్టి జరిమానాల సంఖ్య వదిలేయండి. ఎవరికి వేశారు, వేసింది కట్టారా, రాత్రి కాపలాకు ఎన్నిసార్లు వెళ్లారు, ఈ మూడూ రాయండి. పది రాత్రులు కాపలాకు వెళ్లి 4 పట్టుకోవడం, వంద రాత్రులు వెళ్లి 17 పట్టుకోవడం ఒకటి కాదు. రెండోది తప్పులు తగ్గాయని చెబుతోంది. మాస్టారు వేటకు చెప్పిన గంటల లెక్కే కాపలాకూ వర్తిస్తుంది.

లెక్కల_మాస్టారు
ఇది నాకు తట్టి ఉండవలసింది. తట్టలేదు.

రేవుగట్టు
కాపలా రాత్రులు రాసుకోలేదు. టార్చిలైటు బ్యాటరీల బిల్లులు మాత్రం ఉన్నాయి. మొదటి ఏడాది కంటే మూడో ఏడాది ఐదు రెట్లు.

ఉప్పుగాలి గారూ, పుస్తకంలో మీ ప్రశ్నకు జవాబు: 17 మందిలో పెద్దల ఇళ్లవాళ్లు ఇద్దరు. ఒకరు కట్టారు. ఒకరు ఇంకా "రేపు" అంటున్నారు.

ఉప్పుగాలి
ఇద్దరంటే నేను అనుకున్నదానికంటే నయమే. ఇంతకీ మరబోట్ల సంగతి ఎవరూ ఎత్తరేమిటి? తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మావంటి వాళ్లదని నియమం. మర్యాదగా ఫిర్యాదు చేయమన్నారు, చేశారు. ఏమైంది? ఊరివాళ్ల వల కన్ను కొలిచేవాళ్లు ఆ ఫిర్యాదు కాగితం ఎన్నాళ్లు బల్ల మీద పడుకుందో కొలవరేం? "సహ" నిర్వహణ అన్నారు కదా, రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు. ఒక చేతికే మార్కులు వేస్తే ఎలా?

చేపల_గంప
ఈ ఒక్క మాటకు మీకు ఒక గంప కానాగంతలు బాకీ.

పాత_గుమాస్తా
గుమాస్తాగా నొచ్చుకోవలసిన మాటే కానీ నొచ్చుకోను. గస్తీ తిరిగే బోట్లు తక్కువ, మనుషులు తక్కువ, ఫోను చేసిన గంటలో రావడం చాలా చోట్ల అసాధ్యం. 1994లో సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం వచ్చింది, దాన్ని అమలు చేయడానికి సరిపడా చేతులు రాలేదు. అయినా ఉప్పుగాలి గారు చెప్పిన గడి పెట్టండి. ఫిర్యాదు చేసిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, ఏం చేశారు. మూడేళ్ల ఖాళీ గడులు చూస్తే పైన ఉన్నవాళ్లు మరో బోటు మంజూరు చేయడానికైనా పనికొస్తుంది. మా కాలంలో ఎవరూ అలా రాసి పంపలేదు. పంపి ఉంటే నేనే దాచేసి ఉండేవాడినేమో, అది వేరే సంగతి.

సువా_కబుర్లు
ఈ "పైవాళ్లు" లేకపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్‌లో సుమిలోన్ దీవి చూపించింది. 1974 నుంచి దాని చుట్టూ పగడపు దిబ్బలో నాలుగో వంతు మూసి ఉంచారు. పరిశోధకులు లెక్కలు చక్కగా రాస్తూ వచ్చారు. 1984లో అక్కడి పాలకవర్గం కాపలా తీసేసి అందరికీ తెరిచింది. వేట చోటు పెరిగింది కదా, చేప పెరగాలి. కొద్దికాలంలోనే దీవి చుట్టూ మొత్తం పట్టుబడి సగానికి పైగా పడిపోయింది. ముందూ వెనకా లెక్కలు ఉండబట్టి ఆ సంగతి లోకానికి తెలిసింది. దగ్గరలోనే ఉన్న అపో దీవిలో ఊరివాళ్లే కాపు కాశారు, అది నిలిచింది.

కొల్లంలో_తెలుగువాడు
సువా గారూ, ఇది వినడానికి బాగుంది కానీ ఊరివాళ్లు మంచి, పైవాళ్లు చెడ్డ అన్నట్టు వస్తోంది. అష్టముడిలో జిల్లా కలెక్టరు అధ్యక్షతన మండలి కూర్చోకపోతే డిసెంబరు మూసివేత నిలిచేది కాదని ఇక్కడి గుల్లలవాళ్లే అంటారు.

సువా_కబుర్లు
ఒప్పుకున్నాను. నాలుక తొందరపడింది.

రేవుగట్టు
ఇవాళ సాయంత్రం ఇసుక మీద కూర్చుని మాట్లాడుకున్నాము. ఫారంలో 11 గడులు పై వాళ్లవి, వాటిని అలాగే పంపుతాను. మాకోసం వేరే పుస్తకం మొదలుపెడుతున్నాను. అందులో నాలుగే ఉంటాయి: ఒకటి, మొగ దగ్గర పీత, కొయ్యింగ ఒక వేటకు ఎన్ని; రెండు, వేలం దగ్గర కిలోకు ఎన్ని; మూడు, కాపలా రాత్రులు, ఎవరికి జరిమానా, కట్టారా లేదా; నాలుగు, మరబోటు ఫిర్యాదు తేదీ, జవాబు తేదీ. రెండోది మా అత్త, ఆవిడతో బజారుకు వెళ్లే ఇద్దరు రాస్తామన్నారు. వాళ్లకు రాయడం రాదు, కాబట్టి గీతలు గీస్తారు. కిలోకు ఒక్కొక్క చేపకు ఒక్కొక్క గీత. సమావేశం రాత్రి ఏడుకు మార్చాము.

పక్క ఊరివాళ్లను కూడా అడిగాను. "మీ ఊరు బాగుపడిందని చూపించడానికి మా చేప ఎందుకు ఎంచాలి?" అన్నారు. అది కూడా న్యాయమే. ఇంకా బేరం నడుస్తోంది.

ఒక్క సందేహం. పుస్తకంలో కానాగంత అని రాయాలా, కానాగడత అని రాయాలా? మా ఊళ్లోనే రెండు రకాలుగా అంటారు.

లెక్కల_మాస్టారు
కానాగుర్త అని రాయండి. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు 1803లో అచ్చు వేయిస్తూ మన జాలరులు ఏమని పిలిచారో అదే పేరు రాసుకున్నాడు. కువియే అనే ఫ్రెంచి పండితుడు దాన్నే తీసుకున్నాడు. అప్పటినుంచి జపాను వాడైనా దాన్ని మన మాటతోనే పిలవాలి.

చేపల_గంప
జపాను వాడు కొంటాడా?

రేవుగట్టు
మొదటి రోజు లెక్క వచ్చింది. కానాగుర్త, మూడు చోట్ల తూచారు. 14, 13, 14. మొగ దగ్గర పీతలు ఇంకా ఎంచలేదు, పోటు ఎక్కువగా ఉంది.

చేపల_గంప
ఆ కిలో ఎవరి తక్కెడతో తూచారు?

రేవుగట్టు
షావుకారుది.

చేపల_గంప
అయితే మీ అత్తగారిని ఆ గీతలు కొట్టేయమనండి. షావుకారు కిలోలో ఒకటిన్నర చేప ఎక్కువ పడుతుంది. రేపు మీ సొంత తక్కెడ తీసుకెళ్లండి, బండరాయి పెట్టి సరిచూసుకున్న తర్వాతే.